తిరుపతిలో లా పరీక్షలకి రీడింగ్ రూమ్: డబ్బు కట్టే ముందు ఒకసారి మిద్దె ఎక్కి చూడండి

పోయిన ఏప్రిల్ రెండో వారం నుంచి మే చివరిదాకా బాలాజీ కాలనీ వైపు ఒక సందులో ఉన్న రీడింగ్ రూములో కూర్చుని సెమిస్టర్ పరీక్షలకి చదివాను. దాని గురించి రాస్తానని క్లాసులో ఇద్దరు ముగ్గురికి మాటిచ్చాను, జూనియర్లు కూడా అడుగుతున్నారు. రూము పేరు మాత్రం రాయను. మీరు ఏ రూము చూడ్డానికి వెళ్లినా ఇందులో చెప్పినవి పనికొస్తాయి, అందులోనూ లా చదివేవాళ్లయితే.

నేను మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో రెండో ఏడాది. మాది పాకాల పక్కన, దామలచెరువుకి దగ్గర్లో ఒక పల్లె. మే వస్తే మా ఇంట్లో మామిడికాయల హడావిడి, ఇల్లంతా మనుషులు, గంపలు, బండి ఎప్పుడొస్తుందని ఫోన్లు, అక్కడ పుస్తకం తెరిచే వీలుండదు. ఇక్కడ హాస్టల్లో రూముకి నలుగురం, మిగతా ముగ్గురివీ వేరే కోర్సులు, వాళ్ల పరీక్షలు ముందే అయిపోయాయి. ఈసారి నాకు సాక్ష్య చట్టం, సివిల్ ప్రొసీజర్ కోడ్ రెండూ ఉన్నాయి, అవి కాక అంతకుముందు సెమిస్టర్లో పోయిన క్రిమినల్ లా పేపరు మళ్లీ రాయాలి. ఆ పేపరు పోయిందని ఫోన్ చేసి చెప్పినప్పుడు నాన్న తిట్టలేదు, "సరేలేమ్మా, మళ్లీ రాద్దువు" అన్నాడు. తిట్టుంటే బాగుండేది అనిపించింది. అందుకే ఈసారి డబ్బులు పోయినా పర్లేదు, ఒక చోటు చూసుకుని కూర్చోవాలని నిర్ణయించుకున్నాను.

ఫ్యాన్ హాలు నెలకి 900, ఏసీ హాలు 1,400, డిపాజిట్ 500. మొదట ఫ్యాన్ హాల్లో చేరాను, తిరుపతి ఎండల గురించి తెలిసి కూడా. ఏప్రిల్ చివరికి మధ్యాహ్నం రెండింటికి పేజీ మీద చెయ్యి పెడితే చెమటకి కాగితం అంటుకుంటోంది. మే ఒకటో తేదీ నుంచి ఏసీకి మారాను. ఎండాకాలంలో చేరేవాళ్లు ఆ 500 తేడా దగ్గర ఆలోచించకండి, మొదటి రోజే కట్టేయండి. చలికాలం పరీక్షలకైతే ఫ్యాన్ హాలు చాలు.

హాలు బాగుంది, అది ఒప్పుకోవాలి. చెక్కతో చేసిన అరలు, ఒక్కో అరకి ఒక లైటు, ఒక ప్లగ్గు, కింద చిన్న లాకరు. కుర్చీలు మెత్తవి కావు గానీ నడుము నిలబెడతాయి, ఏడెనిమిది గంటలు కూర్చున్నా నాకు నొప్పి రాలేదు. అమ్మాయిలకి వేరే వరస ఉంది, గుమ్మానికి కెమెరా ఉంది, ఎవరొచ్చినా రిజిస్టర్లో సంతకం పెట్టాలి. పొద్దున ఆరింటికి తెరుస్తారు, అమ్మాయిలకి రాత్రి తొమ్మిదిన్నర వరకు. మా హాస్టల్ గేటు తొమ్మిదికే వేసేస్తారు కాబట్టి నాకు ఆ చివరి అరగంట ఎప్పుడూ దక్కలేదు, పరీక్షల నెలలోనైనా పదింటిదాకా తెరిచి ఉంచమని మేం పదిమంది వెళ్లి అడిగినా వినలేదు. అది హాస్టల్ తప్పు, రీడింగ్ రూముది కాదు. తాగే నీళ్లు ఎప్పుడూ ఉంటాయి. వైఫై ఉందంటారు గానీ సాయంత్రం ఆరు దాటితే ఒక తీర్పు కూడా డౌన్‌లోడ్ కాదు, ఫోన్ డేటా మీదే ఆధారపడాలి. అమ్మాయిలందరికీ కలిపి బాత్రూమ్ ఒక్కటే. ఇంతమంది దగ్గర డబ్బులు తీసుకుంటూ ఇంకొకటి కట్టించకపోవడం నాకు అస్సలు నచ్చలేదు, ఈ మాట వాళ్లకీ చెప్పాను.

ఇంతవరకు చెప్పింది బ్యాంకు పరీక్షలకి చదివేవాళ్లకైనా, డీఎస్సీకి చదివేవాళ్లకైనా ఒకటే. మన సమస్య వేరు. లా నోరు మూసుకుని చదివితే ఎక్కదు. కనీసం నాకు ఎక్కదు, నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానం లేకుండా చట్టం ఒక్కటే ఉండే పుస్తకం, తెరిస్తే ఒక్కో సెక్షను ఒకే ఒక్క వాక్యం, మధ్యలో కామాలు, ఆ తర్వాత 'అయితే' అంటూ ఒక షరతు, దాని కింద వివరణ, వివరణ కింద ఉదాహరణలు. కళ్లతో చదువుకుంటూ పోతే చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతాం. బయటికి చదివితే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది, ఎవరు ఎవరిని ఏం చేస్తే నేరమో తేలుతుంది. నేను పేపరు పోగొట్టుకున్నది కూడా ఇక్కడే అని ఇప్పుడు అనుకుంటున్నాను, హాస్టల్లో మంచం మీద పడుకుని గైడు తిరగేసి అర్థమైందనుకున్నాను, పరీక్ష హాల్లో, మనిషి చావుకి కారణమైన నేరాల్లో కల్పబుల్ హోమిసైడ్‌కీ మర్డర్‌కీ తేడా రాయమంటే రెండూ ఒకటే అయిపోయాయి.

చేరిన మూడో రోజో నాలుగో రోజో, నాకు తెలీకుండానే పెదాలు కదిలిస్తూ గొణుగుతూ చదువుతున్నాను. పక్క వరసలో డీఎస్సీకి చదివే అక్క ఒకామె రెండుసార్లు చూసింది, మూడోసారి లేచి వచ్చి, "చెల్లీ, నువ్వు చదివేది నా చెవిలో పడతా ఉంది, నాది నాకు గుర్తుండట్లేదు" అంది. ఆమెదేం తప్పు లేదు, నెలకి అంతే డబ్బు ఆమె కూడా కడుతోంది. అబ్బాయిల వరసలో కూడా మా వాళ్ల మీద ఇదే కంప్లైంటు వచ్చిందట. మర్నాడు ఓనరన్న మమ్మల్ని లా వాళ్లందరినీ పిలిచాడు, డబ్బులు వెనక్కిచ్చి పంపేస్తాడేమో అనుకున్నాం. పైకి రమ్మన్నాడు. మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన రేకుల షెడ్డు ఉంది, అందులో పాత బెంచీలు రెండు, ఒక ట్యూబ్‌లైటు. "మీరు ఎంత అరుచుకోవాలన్నా ఇక్కడ అరుచుకోండప్పా, కింద మాత్రం ఊపిరి కూడా వినపడకూడదు" అన్నాడు. అదనంగా పైసా అడగలేదు.

ఈ రివ్యూ నేను రాస్తున్నది ఆ షెడ్డు కోసం.

మేలో మిద్దె ఎలా కాలుతుందో చెప్పక్కర్లేదు. అందుకని సాయంత్రం అయిదున్నరకి కింద కాపురముండే ఓనరన్న వాళ్ల అమ్మ, మేమందరం అవ్వా అని పిలుస్తాం, పైపుతో నీళ్లు చల్లించేది. ఆరింటికి నేల చల్లబడేది. ఆరు నుంచి ఎనిమిదిన్నరదాకా మేం అక్కడే. అయిదుగురం, అందులో ఒకన్న మా సీనియరు, డిగ్రీ అయిపోయి ఎన్‌రోల్ అయ్యాడు, లాయరుగా ప్రాక్టీసుకి రాయాల్సిన ఆలిండియా బార్ ఎగ్జామ్‌కి చదువుతున్నాడు. దానికి 100 ప్రశ్నలు, మామూలుగా 45 శాతం వస్తే పాసు, నోట్స్ లేని బేర్ యాక్టులు లోపలికి తీసుకెళ్లవచ్చు. "పుస్తకం పక్కనే ఉన్నా ఎక్కడ వెతకాలో తెలియకపోతే పుస్తకం ఏం చేస్తుంది?" అని ఆయన మమ్మల్ని రోజూ సెక్షన్లు వెతికించేవాడు, ఫోన్లో టైమ్ పెట్టి.

పద్ధతి ఏమీ లేదు. ఒకరు సెక్షను చదవాలి, రెండోవాళ్లు తెలుగులో చెప్పాలి, మిగతావాళ్లు ప్రశ్నలతో తినెయ్యాలి. ఉదాహరణల్లో వచ్చే ఏ, బి, జెడ్ అనేవాళ్లకి మా ఊళ్ల మనుషుల్ని పెట్టుకున్నాం. దొంగతనం సెక్షను కింద, జెడ్ స్థలంలోని చెట్టుని ఏ కొట్టేస్తాడు, ఎత్తుకుపోదామని. చెట్టు నేలకి అంటుకుని ఉన్నంతసేపు అది చరాస్తి కాదు, నరికి వేరుచేసిన క్షణం నుంచీ చరాస్తి, కాబట్టి ఆ నరకడంతోనే దొంగతనం అయిపోయింది. ఇది మా తోటలో జరిగితే అని చెప్పేసరికి అందరికీ ఒక్కసారిగా అర్థమైంది. ఇంకొకటి కల్పబుల్ హోమిసైడ్ కింద ఉంది, కోడిని కాల్చి దొంగిలించాలని ఒకడు తుపాకి పేలుస్తాడు, పొద వెనకాల ఉన్న మనిషి చచ్చిపోతాడు, అక్కడ మనిషి ఉన్నాడని వాడికి తెలీదు. చేసింది చెడ్డపనే, అయినా చంపాలన్న ఉద్దేశం లేదు, ఆ పనివల్ల చావు రావచ్చన్న తెలివిడీ లేదు, కాబట్టి కల్పబుల్ హోమిసైడ్ కాదు. దీని మీద గంటన్నర వాదించుకున్నాం. చిత్తూరు నుంచి వచ్చే అబ్బాయి ఒకడు అస్సలు ఒప్పుకోలేదు, "మనిషి చచ్చిపోయినాక కోడి లెక్క ఏందన్నా" అని. వాడికి నచ్చజెప్పడానికి నేను ఆ సెక్షను ఆరేడు సార్లు చదవాల్సి వచ్చింది. పోయిన పేపరు మళ్లీ రాసినప్పుడు నా చెయ్యి ఆగకుండా పోయింది అంటే ఆ గంటన్నర వల్లే.

మా బ్యాచులకి ఉన్న అసలు కష్టం బయటివాళ్లకి తెలియదు. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ 511 సెక్షన్లు పోయి భారతీయ న్యాయ సంహిత 358 అయింది. క్రిమినల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ 484 పోయి నాగరిక్ సురక్షా సంహిత 531 అయింది. సాక్ష్య చట్టం 167 నుంచి సాక్ష్య అధినియమ్ 170 అయింది. పాతవి మర్చిపోదామా అంటే కుదరదు, ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకి ఇంకా ఐపీసీయే, కోర్టులో ఆ కేసులు నడుస్తూనే ఉంటాయి, పాత తీర్పులన్నీ పాత నంబర్లతోనే ఉంటాయి. 302 అంటే మర్డర్ అని చిన్నప్పటి నుంచి విన్నాం, ఇప్పుడు 103. 420 ఇప్పుడు 318. ఎఫ్ఐఆర్ 154 నుంచి 173కి, ముందస్తు బెయిలు 438 నుంచి 482కి. మళ్లీ పాత 482 అంటే హైకోర్టు సహజాధికారాలు, అది 528కి వెళ్లింది, ఇక్కడ అందరం తడబడ్డాం. అన్న షెడ్డు గోడ మీద సుద్దముక్కతో రెండు వరసలు గీసి పాతదీ కొత్తదీ ఎదురెదురుగా రాయించాడు. పైకి ఎక్కినప్పుడల్లా కళ్లు దాని మీదే పడేవి. ఓనరన్న దాన్ని తుడవలేదు, ఇప్పటికీ ఉంది.

ఇక్కడే ఒక మాట. ఆ సందు మొదట్లో ఉన్న జిరాక్స్ షాపులో 'ఇంపార్టెంట్ ప్రశ్నలు' అని ఒక కట్ట అమ్ముతున్నారు, 180 పెట్టి కొన్నాను. సగం జవాబుల్లో పాత నంబర్లు, సగంలో కొత్తవి, ఒకచోట అయితే ఒకే జవాబులో రెండూ కలిపేశారు. పరీక్షకి వారం ముందు అది చదివినవాళ్ల పరిస్థితి ఏమిటో ఆలోచించండి. ఆ డబ్బుతో పాత, కొత్త సెక్షన్ల పట్టిక ఉన్న బేర్ యాక్ట్ ఏ కంపెనీదైనా కొనుక్కోండి.

సాక్ష్య చట్టం రోజులు నాకు బాగా ఇష్టమైనవి. మరణ వాంగ్మూలం దగ్గర పాకాల నారాయణస్వామి కేసు వస్తుంది, 1939లో ప్రివీ కౌన్సిల్ తీర్పు, అప్పట్లో మన కేసులకి ఆఖరి అప్పీలు లండన్లోని ఆ కోర్టుకే. అందులో పాకాల అనేది నిందితుడి ఇంటిపేరు, ఊరు బరంపురం, అయినా మా ఊరి పేరు కనపడిందని ముందు ఆ కేసే చదివాను, అందరికీ నేనే చెప్పాను. పిఠాపురం దివాన్ గారి దగ్గర బంట్రోతుగా చేసిన ఒకాయనకి అప్పు బాకీ రావాలి. 1937 మార్చిలో బరంపురం రమ్మని ఉత్తరం వస్తుంది. డబ్బు ఇస్తారట, వెళ్తున్నానని భార్యకి చెప్పి బయల్దేరతాడు. రెండు రోజులకి పూరీలో రైలు పెట్టెలో ఒక ట్రంకు పెట్టె, అందులో ఆయన శవం ముక్కలుగా. ఇప్పుడు ఆయన భార్యతో అన్న ఆ మాట సాక్ష్యంగా పనికొస్తుందా? అప్పటికి ఆయన్ని ఎవరూ కొట్టలేదు, చచ్చిపోతానని ఆయనకి తెలియదు. పనికొస్తుందన్నారు, ఎందుకంటే చావుకి దారితీసిన పరిస్థితుల్లో ఆ ప్రయాణం కూడా ఒక భాగం. అప్పుడు పాత చట్టంలో సెక్షన్ 32, ఇప్పుడు 26. నేను ఇది చెప్తున్నప్పుడు అవ్వ కూడా మెట్ల మీద కూర్చుని వింది. అయిపోయాక, "ఆ బిడ్డ మొగుడు పోతా పోతా ఒక మాట చెప్పి పోబట్టి సరిపోయింది గదా" అంది. చావుకి భయపడుతూ చెప్పిందా లేదా అన్నది మన చట్టంలో పట్టింపు లేదు, చెప్పిన మాటకీ చావుకీ సంబంధం ఉంటే చాలు అని నేను మూడు పేజీల నోట్సు రాసుకున్నాను, అవ్వ ఒక్క మాటలో చెప్పేసింది.

ఆ పేపరుకి ముందురోజు సాయంత్రం కరెంటు పోయింది. గాలివాన వచ్చి ఎక్కడో తీగ తెగింది. ఇన్వర్టర్ నలభై నిమిషాలకే చేతులెత్తేసింది, జనరేటర్ ఉందని చేరేటప్పుడు చెప్పారు గానీ అది పనిచేయట్లేదని అప్పుడే తెలిసింది. దీనికి నాకు నిజంగా కోపం వచ్చింది. పరీక్షల నెలలో, అదీ ముందురోజు, చీకట్లో అరవై మంది. చేరేముందు మీరు జనరేటర్‌ని ఒకసారి వేసి చూపించమని అడగండి, మొహమాటపడకండి. ఆ రోజు మేం మిద్దె మీద ఫోన్ లైట్లు పెట్టుకుని నోటితోనే రివిజన్ చేశాం. వాన వెలిసి గాలి చల్లగా ఉంది, ఊరంతా చీకటి, కొండమీద గాలిగోపురం దగ్గర నామాల దీపాలు మాత్రం వెలుగుతున్నాయి. అన్న పులుకూరి కొట్టయ్య కేసు చెప్పాడు, 1946 చివర్లో వచ్చిన తీర్పు. పోలీసుల దగ్గర నిందితుడు ఈటెని ఫలానావాళ్ల గడ్డివాములో దాచానని చెప్పి చూపిస్తే, దాచిన చోటు, అది వాడికి తెలుసన్న సంగతి, అంతవరకే సాక్ష్యం, 'దీంతో పొడిచాను' అన్న ముక్క పనికిరాదు. మర్నాడు ప్రాబ్లెమ్ ప్రశ్న దాని మీదే వచ్చింది, ఈటెకి బదులు కత్తి, గడ్డివాముకి బదులు బావి. పరీక్ష హాల్లోంచి బయటికి వచ్చి నేను మొదట ఫోన్ చేసింది అన్నకే.

సివిల్ ప్రొసీజర్ గురించి కూడా నిజం చెప్పాలి. 1908 నాటి ఆ కోడ్ కొత్త చట్టాల్లో మారలేదు, 158 సెక్షన్లు, 51 ఆర్డర్లు అలాగే ఉన్నాయి, ఆ నిశ్చింత ఒకటి. కానీ అది మిద్దె మీద కబుర్లతో వచ్చేది కాదు. సెక్షన్ 10కీ (అదే గొడవ మీద ముందు కేసు నడుస్తుంటే రెండోది ఆపడం) 11కీ (ఒకసారి తేలిపోయిన గొడవ మళ్లీ తేకూడదనడం) తేడా వాదించుకుని నేర్చుకోవచ్చు గానీ ఆర్డర్లూ రూల్సూ కింద హాల్లో ఒంటరిగా కూర్చుని రాసి రాసి నేర్చుకోవాల్సిందే. నేను మిద్దె మీదే ఎక్కువసేపు ఉండిపోయి దానికి టైమ్ తగ్గించాను, మార్కులు అలాగే వచ్చాయి. కాబట్టి రెండూ కావాలి, కింద ఆ నిశ్శబ్దం, పైన ఈ గోల.

పరీక్షకీ పరీక్షకీ మధ్య రెండు మూడు రోజులు ఖాళీ ఉండేది. పరీక్ష రాసిన సాయంత్రం పుస్తకం ముట్టకూడదని మేం ఒక నియమం పెట్టుకున్నాం, నాకు అది చాలా మేలు చేసింది. ఒకరోజు కపిలతీర్థం వెళ్లి కోనేటి మెట్ల మీద దీపాలు పెట్టేదాకా కూర్చున్నాం, మేలో జలపాతం సన్నటి ధారే, అయినా ఆ కొండ కింద కూర్చుంటే ఒళ్లు చల్లబడుతుంది. ఇంకోరోజు ఎక్కడికీ వెళ్లలేదు, నాన్న బస్సులో వేసి పంపిన మామిడిపళ్ల పెట్టె షెడ్డులోనే విప్పాం. పచ్చి తోతాపురి కాయలు కూడా నాలుగు పెట్టాడు, అవ్వ వాటిని కోసి ఉప్పూ కారం కలిపి ఇచ్చింది, నన్ను ఆ రోజు గొణగొద్దన్న డీఎస్సీ అక్క కూడా పైకి వచ్చి మాతో తింది. ఆమె పరీక్ష బాగా రావాలని నాకు నిజంగా ఉంది. ఆఖరి పేపరు అయ్యాక అయిదుగురం పొద్దున్నే శ్రీవారి మెట్టు దారిన 2,388 మెట్లు ఎక్కాం. సగం దారిలో చిత్తూరు అబ్బాయి ఆగి, "అన్నా, ఆ కోడి కేసు నాకు ఇప్పటికీ ఒప్పుదల లేదు" అన్నాడు, అక్కడే కూర్చుని ఇంకో పది నిమిషాలు వాదించుకున్నాం.

డిపాజిట్ సంగతి మర్చిపోయాను. ఖాళీ చేసేటప్పుడు 500లో 100 పట్టుకున్నారు, లాకరు తాళంచెవి అరిగిందని. తాళంచెవి నాకిచ్చినప్పుడే అరిగి ఉంది. చేరిన రోజే లాకరు, కుర్చీ, ప్లగ్గు మూడూ ఫోటో తీసి పెట్టుకోండి.

అయిదుకి నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒకటీ బాత్రూముకీ, జనరేటర్‌కీ. ఫలితాలు వచ్చాయి, క్రిమినల్ లా పాసయ్యాను, నాన్నకి చెప్తే ఈసారి కూడా ఎక్కువ మాట్లాడలేదు, "అవ్వకి ఇంకో పెట్టె పంపిద్దామా?" అని అడిగాడు. వచ్చే సెమిస్టర్‌కి మళ్లీ అక్కడే చేరుతున్నాను. షెడ్డులో ఒక ఫ్యాను పెట్టిస్తానని ఓనరన్న అన్నాడు, పెడితే ఇక్కడే రాస్తాను.